పూస కట్టిన మందు

నేను ఒక మందు పట్టీని. నన్ను మింగరు, తాగరు, సూదిలో ఎక్కించరు. పొద్దున్నే స్నానం చేసి భుజానికి అంటించుకుంటారు, మర్నాడు పొద్దుటిదాకా మరిచిపోతారు. డాక్టర్లు పార్కిన్సన్ అనీ, జనం వణుకు జబ్బనీ పిలిచే దానికి మందుని. చదువుకున్నవాళ్లు నన్ను ప్యాచ్ అంటారు. ఆత్రేయపురంలో నన్ను పెట్టుకున్న పళ్ళాలమ్మ మాత్రం మందు స్టిక్కరు అనేది. ఆవిడ పెట్టిందే సరైన పేరు. నాకు చేతనైన పని అంటుకోవడం ఒక్కటే అని తర్వాత తేలింది.

ముందు నా పుట్టుక సంగతి చెప్పాలి. లేకపోతే జరిగినదానికి ఎవరిని తిట్టుకోవాలో మీకు తెలియదు. హైదరాబాదు శివార్లలో ఒక మందుల కంపెనీలో పుట్టాను. పేరు చెప్పను. చెబితే కోర్టుకి లాగుతారు, లాగితే నేను బోనెక్కి సాక్ష్యం చెప్పలేను. అక్కడ పెద్ద డ్రమ్ములో జిగురు కలుపుతారు, ఆ జిగురులో మందు కరిగిస్తారు. దాన్ని ప్లాస్టిక్ పొర మీద పలచగా పరిచి వేడి గదిలోంచి లాగుతారు. తడి ఆరిపోయి మందూ జిగురూ మిగులుతాయి. వెనకవైపు చర్మం రంగు పొర, ముందువైపు గాజులా అవతలిది కనిపించే పొర వేసి, ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని ఒక్కో కవరులో పెట్టి మూతి అతికిస్తారు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. మందు జిగురులో కరిగి ఉన్నంతవరకే నేను మందుని. కరిగిన మందు కంటికి కనిపించకుండా చర్మంలోకి దిగుతుంది. గట్టిపడి పలుకులైన మందు దిగదు, ఎక్కడిది అక్కడే కూర్చుంటుంది. పైగా మా కంపెనీవాళ్లు జిగురు హాయిగా మోయగలిగినదానికంటే ఎక్కువ మందు నాలో కూరారు. అలా కూరితేనే జోరుగా దిగుతుందట. కూరినంత మాత్రాన అది ఒదిగి ఉంటుందా? ఎప్పుడెప్పుడు నలుగురం ఒకచోట చేరి గట్టిగా కూర్చుందామా అని చూస్తూనే ఉంటుంది. దానికి ఒక్క పలుకు దారి చూపిస్తే చాలు. పాకంలో ఒక్క పంచదార పలుకు పడితే గిన్నెడు పాకమూ గడ్డకట్టడం మీ వంటింట్లో చూసే ఉంటారు.

మా లాటులో, అంటే ఒకే విడతలో తయారైనవాళ్లలో, ఆ మొదటి పలుకుని చూసింది నస్రీన్. నాణ్యత పరీక్షించే గదిలో పనిచేసే అమ్మాయి. నా పక్క ముక్కని సూక్ష్మదర్శిని కింద పెట్టి చాలాసేపు చూసింది. కోడి ఈక అంత అందంగా, కొమ్మలు కొమ్మలుగా ఒక తెల్లటి పలుకు జిగురులో విచ్చుకుని ఉంది. నేను కూడా చూశాను. మాలో మందు గట్టిపడడం మొదలైందని ఏడవాలో, ఇంత అందంగా ఉందని నవ్వాలో తెలియలేదు. నస్రీన్ వెళ్లి ప్రభంజన్ అనే తన పై మేనేజరుని పిలుచుకొచ్చింది. ఆయన ఒక కన్ను మూసి చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"రెండో ముక్క తీస్కొని చూడమ్మా" అన్నాడు. "గీ ఒక్క చుక్కకు లాటంతా ఆపుతమా?"

మనుషుల పరీక్షలన్నీ ఇంతే. నచ్చిన జవాబు వచ్చేదాకా అదే ప్రశ్న అడుగుతారు. నస్రీన్ రెండో ముక్కని వెతికి వెతికి తేటగా ఉన్న చోటు నుంచి తీసింది. ఆ ముక్క శుభ్రంగా ఉంది. పాపం ఆమె ఒక్కతే ఏం చేస్తుందిలే అని మీరు జాలి పడవచ్చు. నేను పడను. తేటగా ఉన్న చోటు ఎక్కడుందో ఆమెకి తెలుసంటే, తేటగా లేని చోటు ఎక్కడుందో కూడా తెలుసు. ప్రభంజన్ గారు మాత్రం అంతటితో ఊరుకోలేదు, బాధ్యత గల మనిషి. చల్లగా ఉంచితే పలుకు త్వరగా పెరగదు కాబట్టి మా డబ్బా మీద 'చల్లగా ఉంచాలి' అని ఒక మాట అచ్చు వేయించాడు. కంపెనీ తప్పు కాస్తా కొనుక్కున్నవాళ్ల జాగ్రత్తగా మారిపోయింది. ఆయన ఆ రోజు తృప్తిగా భోంచేశాడు.

చల్లగా ఉంచాల్సినవాళ్లు ఉంచారా అంటే, అందరూ ఉంచామనే అన్నారు. వ్యాన్లో మంచుముద్దల పెట్టె ఉంది, అందులో మంచుముద్దలు లేవు. రాజమండ్రి హోల్‌సేల్ గోడౌనులో ఏసీ ఉంది, అది పైవాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు తిరుగుతుంది. రావులపాలెంలో భాస్కరం గారి మందుల షాపులో ఫ్రిజ్జు ఉంది. పగలంతా బాగానే నడిచేది. షాపు కట్టేసేటప్పుడు ఆయన మెయిన్ స్విచ్చి ఆపేసి తాళం వేసేవాడు. పొద్దున్నే వచ్చి మళ్లీ వేసి, సాంబ్రాణి కడ్డీ వెలిగించి, ఫ్రిజ్జుకి కూడా దాన్ని తిప్పేవాడు. నాకు దేవుడి పొగ అందింది, చల్లదనం అందలేదు. రోజూ వేడెక్కి, చల్లబడి, మళ్లీ వేడెక్కి, నాలో ఒక మూల మొదలైన ఈక మెల్లగా రెక్క అయింది. అప్పటికి నేను కవరులో ఉన్నాను కాబట్టి ఎవరూ చూడలేదు.

ఇప్పుడు పళ్ళాలమ్మ సంగతి చెబుతాను. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్లు ఇంటింటికీ ఉన్నారు. వాళ్లలో పళ్ళాలమ్మ చెయ్యి వేరు అని తోటివాళ్లే ఒప్పుకునేవారు. తోటివాళ్లు ఒప్పుకోవడమంటే మామూలు విషయం కాదు. పొయ్యి మీద కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, బియ్యపు పిండి నీళ్లలో తడిపిన పలచటి గుడ్డని కుండ వీపు మీదుగా ఒక్కసారి లాగాలి. లాగిన మరుక్షణం రేకు లేస్తుంది. చెయ్యి కొంచెం ఆగితే మాడుతుంది, కొంచెం తొందరపడితే చిరుగుతుంది. ఆవిడ తీసిన రేకు వెనక అరచెయ్యి పెడితే చేతి గీతలు కనిపించేవి. పలచగా పరిచి, వేడికి ఆరబెట్టి, ముక్కలు తీసి పుట్టినవాణ్ణే నేను కూడా. అందుకే ఆ ఇంట్లో అడుగుపెట్టగానే పుట్టింటికి వచ్చినట్టు అనిపించింది.

ఆ చేతికి వణుకు వచ్చింది. మొదట కుడి చేతి బొటనవేలు ఊరికే ఆడేది, బీడీ చుడుతున్నావా అని వీధిలోవాళ్లు వేళాకోళం చేసేవారు. తర్వాత గుడ్డ జారిపోవడం మొదలైంది. మాత్రలు వేసుకుంటే ఒక గంట చెయ్యి బాగుండేది, ఆ గంటలో సగం వాంతులకే పోయేది. కాకినాడ డాక్టరు గారు చివరికి మా జాతిని రాసిచ్చాడు. మాకంటే ముందు వచ్చిన డబ్బాలు మంచివి, ఆ మాట ఒప్పుకుంటాను. వాటిలోని మందు కరిగి ఉండేది, చెప్పినట్టు దిగేది. పళ్ళాలమ్మ మళ్లీ కుండ ముందు కూర్చుంది. మొదటి రేకు తీసిన రోజున దాన్ని చుట్టి డబ్బాలో పెట్టకుండా కోడలు వీరవేణి నోట్లో పెట్టిందట. వీరవేణి ఆ సంగతి చెప్పుకున్నప్పుడల్లా కళ్లు తుడుచుకునేది.

ఈ వీరవేణికి అత్తగారంటే భయమూ ఉంది, ప్రేమా ఉంది. అత్త మంచాన పడితే పొయ్యి తన మీద పడుతుందనీ, పడితే అత్తతో పోల్చి చూస్తారనీ ఆ పిల్ల దిగులు. పిండి కలిపేది, మంట చూసేది, నెయ్యి కాచేది, కుండ ముందు మాత్రం కూర్చునేది కాదు.

ఆ రోజుల్లోనే సత్తిరాజు గారు వచ్చాడు. రావులపాలెంలో స్వీట్ల కొట్టు ఆయనది, పళ్ళాలమ్మ రేకులు ఎన్నో ఏళ్లుగా ఆయన కొట్లోనే అమ్ముడయ్యేవి. ఇప్పుడు పెద్దింటి పెళ్లిళ్లలో కొత్త మోజు మొదలైంది. చుట్టిన పూతరేకులు పళ్లెంలో పెడితే చాలదట. వచ్చినవాళ్ల కళ్లెదురుగా కుండ పెట్టి, రేకు తీసి, నెయ్యి రాసి, పంచదార చల్లి అప్పటికప్పుడు చేతికివ్వాలట. దానికి లైవ్ కౌంటరు అని పేరు. రాజమండ్రిలో ఒక పెద్ద పెళ్లికి ఒప్పుకున్నాననీ, పళ్ళాలమ్మ కూర్చుంటేనే తన పేరు నిలబడుతుందనీ చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, చెయ్యి ఎలా ఉంది అని అడిగాడు. అది అడగడానికే వచ్చాడని ముగ్గురికీ తెలుసు. చెయ్యి బాగుంటే ఇక ముందు పెళ్లిళ్లన్నీ ఆవిడవే. బాగోలేకపోతే వేరే చూసుకుంటాడు, ఊళ్లో నిలకడ చేతులకి కరువు లేదు.

"ఆయ్, నా చెయ్యికేవైందండి రాజు గారూ" అంది పళ్ళాలమ్మ. ఆయన ముందే గుడ్డ తడిపి ఒక రేకు తీసి చూపించింది. ఆయన ఆ రేకుని వెలుతురుకి పట్టి చూసి, తల ఊపి వెళ్లిపోయాడు. ఆ చూపు ఆవిడకి గుచ్చుకుంది. ఇన్నేళ్ల తర్వాత తన రేకుని వెలుతురుకి పట్టి చూసినవాడు ఆయనే మొదటివాడు. పెళ్లిలో కూర్చుని నలుగురి ముందూ రేకు తీసి చూపిస్తే తప్ప ఆ గుచ్చుకున్నది పోదు అనుకుంది. అప్పటినుంచి ఇంట్లో పెళ్లి మాట తప్ప వేరే మాట లేదు.

పాత డబ్బా అయిపోయింది. భాస్కరం గారి షాపు నుంచి వీరవేణి మా డబ్బా తెచ్చింది. ఒక తడి తువ్వాలులో చుట్టి, ఎండ తగలకుండా, చల్లగా ఉంచాలి అన్న మాటని అక్షరాలా నమ్మి తెచ్చిన మనిషి మా దారంతటిలో ఆ పిల్ల ఒక్కతే. అప్పటికి చేయగలిగింది ఏమీ లేదు.

మొదటి కవరు చించగానే వీరవేణి ఆగిపోయింది. ముందువైపు పొరలోంచి జిగురు కనిపిస్తుంది కదా. పాతవాటిలో అది తేటగా ఉండేది. ఇందులో అక్కడక్కడా తెల్లటి పలుకులు ఉన్నాయి.

"అత్తయ్యా, ఇదేంటండి, తెల్లగా ఏదో పట్టింది. పాడైపోయిందేమో. భాస్కరం గారిని అడుగుదావా?"

పళ్ళాలమ్మ దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి వంచి చూసింది. ఆవిడ మొహం విప్పారింది.

"పాడవడవేంటే పిచ్చిమొహమా, పూస కట్టింది" అంది. "నెయ్యి పూస కడితే అసలు సరుకని కదా. పాత డబ్బాల్లో నీళ్లలా ఉండేది. ఇది చిక్కటి మందు."

మీకూ తెలుసు. కాచిన నెయ్యి మెల్లగా చల్లారి పూస పూసగా పేరితే అది మంచి నెయ్యి. పూస లేని నెయ్యిని ఆవిడ తన రేకు మీద పడనిచ్చేది కాదు. నెయ్యి అమ్మవచ్చినవాళ్ల డబ్బాలో వేలు పెట్టి, పూసని బొటనవేలితో నలిపి, చేతి వేడికి అది కరిగే తీరు చూసి బేరం తేల్చేది. ఆ విషయంలో ఆవిడని మోసం చేసినవాడు గోదావరికి ఇటు గానీ అటు గానీ లేడు. ఆ తెలివే ఇప్పుడు ఆవిడ కొంప ముంచింది. అదే ఇంట్లో, అదే పొయ్యి మీద ఆవిడ పాకం కూడా పట్టేది. పాకంలో పలుకు తేలితే చెడిందని పారబోసేది. నన్ను చూసి ఆవిడకి నెయ్యి గుర్తొచ్చింది. పాకం గుర్తొచ్చి ఉంటే బతికిపోయేది.

ఆ మొదటి పట్టీలో పలుకులు తక్కువే. సగం మందు ఇంకా కరిగే ఉంది. అది భుజం మీద ఉన్న రోజున ఆవిడ చెయ్యి కాస్త బరువుగా ఉంది, రెండు రేకులు మాడాయి. వీరవేణి చూసి మళ్లీ అదే మాట అంది. పళ్ళాలమ్మ ఆలోచించి, తన లెక్క ప్రకారం సరైన జవాబే కనిపెట్టింది. ఆ పట్టీలో పూస తక్కువ, అందుకే చాల్లేదు అని. వీరవేణి ఊరుకోలేక షాపుకి వెళ్లి అడిగింది. కొత్త స్టాకమ్మా, తేడాగానే ఉంటుంది అని చెప్పి భాస్కరం గారు ఇంకొకళ్ల చీటీ అందుకున్నాడు. ఆయనకి తెలియదు. తెలియదు అని చెప్పడం మాత్రం షాపు పెట్టినప్పటినుంచి ఆయన నోట రాలేదు.

పెళ్లికి ముందు రోజు పళ్ళాలమ్మ డబ్బా ముందేసుకుని కూర్చుంది. కవర్లు చించకూడదని వీరవేణి అంటూనే ఉంది. ఒక్క డబ్బాలో వేలు పెట్టి నెయ్యి కొంటామా అని ఆవిడ ఒక్కొక్కటే చించి, కిటికీ వెలుతురుకి పట్టి చూసి, పక్కన పెట్టసాగింది. నా వంతు వచ్చింది. అప్పటికి నాలో తేట జాగా అంటూ లేదు. ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా తెల్లటి రెక్కలు ఒకదాని మీద ఒకటి విచ్చుకుని ఉన్నాయి. నాలో మందు అంతా ఉంది, దిగేది మాత్రం దాదాపు లేదు. డబ్బా మొత్తంలో నాకంటే చచ్చినది లేదు.

ఆవిడ నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాక నన్ను పుట్టించినవాళ్ల మీద నాకు కోపం వచ్చింది. అప్పటిదాకా వెటకారమే ఉండేది. ఆవిడ నన్ను పసుపు గుడ్డలో పెట్టి, ఫ్రిజ్జులో పాలగిన్నె పక్కన దాచింది. "ఇది రేపటికి" అని కోడలితో చెప్పింది.

రాజమండ్రి కల్యాణ మండపంలో మా పక్కన జిలేబీ కౌంటరు, అటుపక్క ఐస్‌క్రీం. కుండ ఇంటినుంచి వ్యాన్లో వచ్చింది. కొత్త కుండలు చేతి మాట వినవని పళ్ళాలమ్మ పాత కుండని గడ్డిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. సత్తిరాజు గారు పట్టుచొక్కా వేసుకుని, వచ్చినవాళ్లకి ఆవిడని చూపించి, మా ఆత్రేయపురం చెయ్యి అని చెబుతున్నాడు. నేను ఆవిడ ఎడమ భుజం మీద, జాకెట్టు కింద ఉన్నాను. పొద్దున్నే అంటించుకుంటూ అరచేత్తో గట్టిగా అదిమి, కళ్లు మూసుకుని ఏదో అనుకుంది. ముందు రోజు పట్టీ ఇచ్చిన కాస్త మందు ఇంకా ఆవిడ ఒంట్లో ఉంది. మధ్యాహ్నందాకా అదే మోసింది. ఆ ఘనత కూడా నాకే దక్కింది.

సాయంత్రం జనం వచ్చేసరికి అది అయిపోయింది. మొదటి రేకులు బాగానే లేచాయి, పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత బొటనవేలు ఆడింది. ఆవిడ గుడ్డని గట్టిగా పట్టుకుంది. పెళ్లికూతురి మేనత్తలు, వాళ్ల పిల్లలు ఫోన్లు పట్టుకుని ముందుకు వచ్చారు. ఆవిడ గుడ్డ తడిపి, కుండ వీపు మీద వేసి లాగబోయింది. చెయ్యి కదల్లేదు. వణకనూ లేదు, ఊరికే ఆగిపోయింది. ఈ జబ్బులో అదొకటి ఉంది. మనిషి కదలాలనుకుంటుంది, ఒళ్లు వినదు. గుడ్డ ఆరిపోయి వాసన వచ్చింది. ఆవిడ వేళ్లు కుండ మీదే ఉన్నాయి. నేను ఆవిడ భుజానికి అంటుకుని, నిండా మందు పెట్టుకుని, చూస్తూ ఉన్నాను. నాకు నోరు లేదని మొదటిసారి ఏడ్చాను.

వీరవేణి మంట వదిలేసి వచ్చి ఆ చేతిని లాగేసింది. నాలుగు వేళ్లూ బొబ్బలెక్కాయి. ఐదు నిమిషాలండీ, ఐదు నిమిషాలు అని సత్తిరాజు గారు నవ్వుతూ జనానికి చెబుతున్నాడు. వీరవేణి వైపు తిరిగినప్పుడు ఆ నవ్వు లేదు.

"నువ్వు కూర్చోమ్మా. కౌంటరు ఖాళీగా ఉంటే నా పరువు పోద్ది."

వీరవేణి అత్త వైపు చూసింది. పళ్ళాలమ్మ తల ఊపింది. ఎవరో ఐస్‌క్రీం పెట్టెలోంచి మంచు ముక్కలు తెచ్చి గుడ్డలో చుట్టి ఆవిడ చేతికిచ్చి ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడినుంచి కుండ కనిపిస్తుంది. వీరవేణి మొదటి రేకు చిరిగింది, రెండోదీ చిరిగింది. మూడోది లేచింది. ఆ తర్వాత వరసగా లేస్తూనే ఉన్నాయి. ఫోన్లు మళ్లీ పైకి లేచాయి. పళ్ళాలమ్మ కోడలి చేతిని చూస్తూ కూర్చుంది. సంతోషించాలని ఆవిడ ప్రయత్నించింది, నేను ఆ భుజం మీదే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు.

తిరిగి వస్తున్నప్పుడు వ్యాన్లో వీరవేణి మళ్లీ ఆ మాట ఎత్తింది. ఆ స్టిక్కరులోనే ఏదో ఉంది అత్తయ్యా, పాతవి ఇలా లేవు అంది. కుండ ఈసారి కోడలి ఒళ్లో ఉంది.

"మందునేం అనకే" అంది పళ్ళాలమ్మ. "సరుకు మంచిదే, నేను చూసి తీశాను కదా. చెయ్యే అయిపోయింది."

తప్పు చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. నింద ఒక్కదానికే వెళ్లింది, ఏ తప్పూ చేయని ఆ చేతికి.

మర్నాడు నన్ను ఊడదీసి అద్దానికి అంటించింది. అది ఆవిడ అలవాటు. బొట్టుబిళ్ల తీసి అద్దానికి అంటించినట్టే వాడిన పట్టీలని కూడా అంటించేది, అవి పోగయ్యాక వీరవేణి గీకేసేది. మంచి సరుకు కదా అని నన్ను మాత్రం గీకవద్దని చెప్పింది. ఎర్ర బొట్టుబిళ్లల వరసలో నేను ఒక చర్మం రంగు చదరంగా మిగిలాను. అక్కడినుంచి ఆ ఇల్లంతా కనిపిస్తుంది, అందుకే మిగతా కథ చెప్పగలుగుతున్నాను.

కాకినాడ వెళ్లి వచ్చారు. వెళ్లేటప్పుడు డాక్టరు గారికి ఒక పెట్టెడు రేకులు పట్టుకెళ్లారు. వచ్చాక వీరవేణి పక్కింటావిడతో చెబుతుంటే విన్నాను. ఆయన అత్తగారిని నడిపించి, వేళ్లు ఆడించి చూశాడట. జబ్బు ముదిరింది, ఇక మీదట రోజుకి రెండేసి పెట్టుకోండి అన్నాడట. సరుకు మాత్రం బాగుందండి, పూస కట్టి ఉంది అని అత్తగారు మందుని మెచ్చుకుంటే, ఆయన చూపు రేకుల పెట్టె మీదికి పోయిందట. మీ చేతి నెయ్యి సంగతి నాకు తెలియదా అని నవ్వాడట. ఆ నవ్వులో పడి వీరవేణి తెల్ల పలుకుల సంగతి అడగనే లేదు. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. ఆ రోజునుంచి పళ్ళాలమ్మ మావాళ్లని జంటగా పెట్టుకుంది. సున్నాకి సున్నా తోడైంది. నిలబడి తల దువ్వుకోవడం కూడా కష్టమైంది.

కొన్నాళ్లకి భాస్కరం గారే స్కూటరు వేసుకుని ఇంటికి వచ్చాడు. ఆయన ఇంటికి రావడం ఎప్పుడూ లేదు. కంపెనీవాళ్లు ఈ లాటు వెనక్కి పంపమంటున్నారనీ, మిగిలినవి ఇచ్చేస్తే డబ్బు తిరిగి ఇస్తాననీ అన్నాడు. ఎందుకు అని వీరవేణి గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగింది. ఏదో ప్యాకింగు మారుస్తున్నారంట అన్నాడు. ఆయనకి వచ్చిన కాగితంలో అంతే ఉంది. ఎక్కడో ఎవరో ఇంకో ముక్కని ఇంకో సూక్ష్మదర్శిని కింద పెట్టి ఉంటారు. ఈసారి రెండో ముక్క కూడా తేటగా దొరికి ఉండదు. ఆ సంగతి ఈ గుమ్మందాకా వచ్చేసరికి ప్యాకింగు అయింది.

ఆయన ఉన్న పట్టీలన్నీ సంచిలో వేసుకుని వెళ్లాక, పళ్ళాలమ్మ మంచం మీదనుంచే కోడలిని పిలిచింది.

"చూశావా? మంచి సరుకు పొరపాటున మనకిచ్చామని తెలిసి వెనక్కి పట్టుకుపోతున్నారు. అద్దం మీద ఉన్నదాని సంగతి చెప్పలేదు కదా?"

వీరవేణి నా వైపు చూసింది. ఆ పిల్లకి తెలుసు. రాజమండ్రి పెళ్లి రోజునుంచీ తెలుసు. ఇప్పుడు చెబితే అత్తగారికి ఏమి మిగులుతుంది? తన కళ్లతో చూసి, తన చేత్తో ఏరి, అన్నిటికంటే పనికిరాని పట్టీని భుజానికి అదుముకున్నానని మిగులుతుంది. చెయ్యి పోయిన మనిషికి చూపు కూడా పోయిందని చెప్పడమే అవుతుంది. చెప్పలేదండి అత్తయ్యా అంది వీరవేణి, వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ పట్టీలు ఇక ఎక్కడా దొరకలేదు. పళ్ళాలమ్మ మళ్లీ మాత్రల్లోకీ వాంతుల్లోకీ వెళ్లింది.

ఈ రోజు పొద్దున్నే సత్తిరాజు గారి వ్యాన్ వచ్చింది. అమలాపురంలో పెళ్లి, కౌంటరు వీరవేణిది. ఆయన కొత్త కుండ తెప్పించాడు, పాతది ఇంట్లోనే ఉండిపోయింది. వీరవేణి అత్త కాళ్లకి దండం పెట్టి, వేళకి మాత్ర వేసుకోమని చెప్పి వెళ్లింది. వ్యాన్ చప్పుడు మలుపు తిరిగాక పళ్ళాలమ్మ గోడ పట్టుకుని అద్దం దగ్గరికి వచ్చింది. గోటితో నా అంచు పట్టుకోవడానికి చాలాసేపు తంటాలు పడింది. నేను మెల్లగా ఊడి వచ్చాను. జిగురు ఎప్పుడో ఎండిపోయింది, భుజం మీద నిలవలేదు. పుండ్లకి వేసే అంటుపట్టీ తెచ్చి అడ్డంగా వేసి నన్ను కట్టేసింది. అంటుకోవడం ఒక్కటే నా పని అన్నాను కదా, అదీ పోయింది.

తర్వాత వెళ్లి ఆ పాత కుండ ముందు కూర్చుంది. పొయ్యిలో మంట లేదు, గిన్నెలో పిండి లేదు. పొడి గుడ్డ ఒకటి చేతిలో పట్టుకుని, చెయ్యి చాపి, కుండ వీపు మీద పెట్టి ఎదురుచూస్తూ కూర్చుంది. మాత్ర సంగతి మరిచిపోయింది. ఎండ గుమ్మంలోంచి జరిగి వసారాలోకి వచ్చింది. చెయ్యి వణుకుతూనే ఉంది, గుడ్డ కుండ మీద గీసుకుంటున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

సాయంత్రం వీరవేణి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. చేతిలో పెళ్లివాళ్లు పెట్టిన చీర ఉంది. కాస్త పక్కకి జరిగిన జాకెట్టు కింద నేను కనిపించాను.

"ఏంటత్తయ్యా ఇది? పొద్దుటినుంచీ ఇలాగే కూర్చున్నారా?"

పళ్ళాలమ్మ తలెత్తి కోడలి మొహం చూసింది, చేతిలోని చీర చూసింది. రేకులు బాగా లేచాయని అర్థమైంది. చెయ్యి మాత్రం కుండ మీదనుంచి తీయలేదు.

"తొందరేం లేదే" అంది. "పూస కదా. ఒంటి వేడికి కరగడానికి కాస్త టైం పడద్ది."

వీరవేణి చీర గుమ్మం మీద పెట్టి, వచ్చి పక్కన కూర్చుంది. ఆ వణికే చేతి మీద తన చెయ్యి వేసింది. ఇద్దరూ అలా నా కోసం ఎదురుచూశారు. ఒకరికి నేను కరుగుతానని నమ్మకం, ఒకరికి కరగనని తెలుసు. ఒక మనిషి ఒంటి వేడి నాకు ఎన్నటికీ చాలదు. నేను కరగలేదు.